‘సాధారణం’ అన్న మాట తెచ్చిన తంటా

1981 మే నెలలో నేను బెంగళూరు వాతావరణ కార్యాలయంలో అసిస్టెంటు మెటీరియాలజిస్టును. అంటే పరిశీలకుల పైన, డైరెక్టరు కింద. రెండు వైపుల నుంచీ చీవాట్లు పడే మెట్టు. శీతోష్ణస్థితి శాస్త్రాన్ని జనంలోకి తీసుకెళ్ళాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. తెలుగు వచ్చినవాణ్ణని దొడ్డబళ్ళాపురం నేతగాళ్ళ సంఘంలో ప్రసంగం నా నెత్తిన రుద్దారు.

ప్రసంగ పాఠం ఆఫీసులోనే తయారవుతుంది. ఆమోదం పొందాక అక్షరం మార్చకూడదు. అందులో ‘ఈ ఋతువులో వర్షపాతం సాధారణం’ అని ఉంది. మా లెక్కలో సాధారణం అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే మొత్తం వాన, చాలా ఏళ్ళ సగటుకు దగ్గరగా ఉంటుందని. ఏ ఒక్క రోజు వాన సంగతీ అందులో లేదు. ఈ ముక్క పాఠం అంచున రాసి, ఉంచమని డైరెక్టరుగారిని బతిమాలాను. తెలుగు రాని ఆ పెద్దమనిషి ఎర్ర సిరాతో కొట్టేశారు. సాధారణమనే మాట మా హిందీలోనూ ఉంది, తెలియనివాడు ఎవడని అడిగారు. తెలియకపోతే ఇంత తంటా ఉండేది కాదు. అందరికీ తెలుసు, అదే ఖర్మ!

చదివి వచ్చాను. చప్పట్లు కూడా కొట్టారు.

జూలైలో నరసింహప్ప అనే నేతగాడు ఆఫీసుకు వచ్చాడు. సభలో ముందు వరసలో కూర్చున్న మనిషి. మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను పడుగు అంటారు. దాన్ని వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి ఆరబెడతారు. మబ్బు కనిపించినా మా మాట నమ్మి ఆయన పడుగు చాచాడు. వాన దంచికొట్టింది. రంగు కారి, పట్టుపోగులు చిక్కుపడ్డాయి. శ్రావణం పెళ్ళిచీరలకని ఉంచుకున్న పడుగు అదొక్కటే.

“ఏమప్పా, వాన సాధారణంగా ఉంటాదని నువ్వే కదా చదివినావు? ఉండీ లేనట్ల కొంచిం పడతాదేమో అనుకుంటిమి. ఇదేనా నీ సాధారణం? మగ్గం ఖాళీగా ఉండాది, వచ్చి చూడు!”

నేరుగా తీసుకెళ్ళి డైరెక్టరుగారి ముందు నిలబెట్టాను. సగటు గురించి ఆయన ఇంగ్లీషులో చాలాసేపు వివరించారు. నరసింహప్ప నా వైపు తిరిగి, “ఇంతకీ ఈ సామి ఏమంటా ఉండాడు?” అన్నాడు.

సెప్టెంబరు ముగిసింది. లెక్క తీస్తే వర్షపాతం సాధారణమే. అంచనా ఫలించిందని ఆఫీసులో మైసూరుపాకు పంచారు. నాకు ఒళ్ళు మండి ముట్టుకోలేదు. నరసింహప్ప శ్రావణమంతా ఇంకొకరి మగ్గం మీద కూలికి నేశాడు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఎక్కడ మాట్లాడినా ముగించే ముందు సభలో ఒకరిని లేపి, నేనేం చెప్పానో వాళ్ళ మాటల్లో చెప్పమనేవాణ్ణి. దీనికి ఎవరి ఆమోదమూ అడగలేదు. చెప్పింది నిజమైతే చాలదు, విన్నవాడి చెవిలో పడ్డదీ నిజం కావాలి.