నాన్న నోటి వాసన

మా నాన్న చుక్క ముట్టని మనిషి. పోయింది మాత్రం తాగుబోతన్న పేరుతో. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఏడుపు కంటే ముందు కోపమే వస్తుంది.

ప్రత్తిపాడు దగ్గర పల్లె మాది. మిరప కోతల రోజుల్లో సాయంత్రానికి అందరికీ ఒళ్లు హూనమయ్యేది. చేలోంచి నేరుగా ఆర్ఎంపీ డాక్టరు అరుగు మీదికే నడక. బిళ్లలిస్తే ఎవరికీ తృప్తి ఉండేది కాదు. "సూదెయ్యకపోతే నువ్వేం డాక్టరయ్యా?" అనేవాళ్లు. ఆయనా కాదనేవాడు కాదు. ఒకటే సిరంజి, ఒకటే సూది. మనిషికీ మనిషికీ మధ్య వేణ్నీళ్ల గిన్నెలో ఒకసారి జాడించేవాడు. బడి సెలవుల్లో నేనూ కోతకు వెళ్లేదాన్ని. నాన్న తర్వాత నా వంతు. ఏడవకుండా సూది వేయించుకుంటే నాన్న జీళ్లు కొనిపెట్టేవాడు.

నేను అద్దంకిలో టీచరుగా చేరాక నాన్న పొట్ట ఉబ్బడం మొదలైంది. కాళ్లు నీరుపట్టాయి, కళ్లు పచ్చబడ్డాయి. గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరు స్కానింగు చూసి, నాన్న మొహం చూడకుండానే, "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావు?" అన్నాడు.

"అలవాటు లేదండి" అన్నాడు నాన్న.

"అందరూ ఇదే చెబుతారు. లివరు అబద్ధమాడదు."

ఇక కారణం వెతికే పనే లేకపోయింది ఆయనకి. ఇంకో పరీక్ష రాయలేదు.

ఆ మాట మాకంటే ముందే ఊరు చేరింది. మా చర్చిలో నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. దాన్ని బల్ల అంటాం. సంఘం పెద్దలు ఇంటికొచ్చి, "ఒప్పుకుని మారుమనసు పొందండి, అందాకా బల్లకి దూరంగా ఉండండి" అన్నారు. చెయ్యనిది ఎలా ఒప్పుకుంటాడు? చివరిదాకా వెనక వరసలో కూర్చుని, పళ్లెం తనను దాటి పక్కవాళ్లకు పోతుంటే చూస్తూ ఉండేవాడు. ద్రాక్షరసం కూడా దక్కని తాగుబోతు మా నాన్న ఒక్కడే.

అమ్మ ఇంకా అన్యాయం. గడ్డివాములో, మిరపకాయల గోతాల వెనక సీసాల కోసం దేవులాడేది. పొద్దుగూకి నాన్న గడప దగ్గరికి రాగానే ఎదురెళ్లి, "ఏదీ, ఊదయ్యా" అనేది. ఆయన చిన్నపిల్లాడిలా ఊదేవాడు. రక్తం కక్కుకుని చనిపోయిన ఆ వారంలో కూడా ఊదాడు.

నిరుడు నాకు గర్భసంచి ఆపరేషనుకు ముందు రక్తపరీక్షలు చేశారు. రక్తం ద్వారా సోకి లివరును పాడుచేసే హెపటైటిస్ సి అని తేలింది. ఏళ్ల తరబడి ఉండి ఉంటుందని, లివరు అప్పటికే కొంత గట్టిపడిందని చెప్పారు. "చిన్నప్పుడు ఒకే సూదితో చాలామందికి వేసేవాళ్లా?" అని అడిగింది డాక్టరమ్మ. నాన్నను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆయన సంగతి చెప్పాను. పరీక్ష చేయలేదు కాబట్టి రూఢిగా చెప్పలేనుగానీ, చాలావరకు ఇదే అయి ఉంటుంది అంది.

మూడు నెలలు బిళ్లలు మింగాను. వైరస్ పోయింది. అవే సంఘం పెద్దలు వచ్చి నా కోసం స్తోత్రం చెల్లించి, టీ తాగారు. నాన్న సంగతి ఎత్తితే, "పోయినవాళ్ల గొడవ ఇప్పుడెందుకమ్మా" అన్నారు. ఒళ్లు మండిపోయింది.

వాళ్లు వెళ్లాక అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. "నాన్న తాగలేదమ్మా" అన్నాను.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఒక్కనాడన్నా వాసన రాలేదే" అంది.

"మరి?"

"వాసన రానిదేదో తాగుతున్నాడనుకున్నా."