డోలక్ కింది గొంతు

పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద కార్లకు స్పీకర్లు బిగించే సుబ్రహ్మణ్యానిదీ, సీటు కవర్లు కుట్టే నాదీ ఒకే రేకుల షెడ్డు. మధ్యలో గోడ లేదు. పద్దెనిమిదేళ్ళుగా అతను వేసే పాటలన్నీ నేను వినాల్సిందే, నా మిషను మోత అతను భరించాల్సిందే. రోజుకొక్కసారైనా మాటామాటా అనుకోకపోతే మాకు పొద్దు గడవదు.

అతను బెంగళూరులో పని నేర్చుకొచ్చాడు. పనిమంతుడే, కానీ పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు. కారుతో వచ్చిన కంపెనీ సెట్టు పీకేసి పెద్ద తెర ఉన్నది పెట్టమంటే చాలు, చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేస్తాడు. సెట్టు బాగానే ఉందని, చెడింది డోర్లలో ఉండే అట్ట స్పీకర్లేనని వాదిస్తాడు. చాలాసార్లు అతను చెప్పిందే నిజం. ఎండకు పెళుసెక్కిన ఆ కాగితం గిన్నెలు తీసి మంచివి పెడితే, అదే సెట్టు కొత్తగా పలుకుతుంది. కంపెనీ వైరు ఒక్కటి కూడా కొయ్యడు. బిగించే ముందు గోడ గడియారానికి వేసే సెల్లు ఒకటి వైర్లకు తాకిస్తాడు. స్పీకరు గిన్నె ముందుకు పొంగితే ప్లస్సూ మైనస్సూ సరిగ్గా ఉన్నట్టు. పెళ్ళికి పోయినా ఆ సెల్లు జేబులోనే ఉంటుందని నేను ఆటపట్టించేవాణ్ణి.

పోయిన ఏడాది ఎండలు ముదిరినప్పుడు పెద్దపంజాణి నుంచి గంగాధరం వచ్చాడు. టమాటా రైతు, అరవై దాటిన మనిషి. భార్య వెంకటరత్నమ్మ చనిపోయి అప్పటికి రెండు నెలలు. శ్రీరామనవమికి ఊళ్ళో భజన జరిగిందట. మర్నాడు తెల్లవారకముందే ఆమె గుండె ఆగిపోయిందట. ఆ భజనలో వంత పాడిన ఆడవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఎవరో ఫోనులో పట్టిన ఆ రికార్డింగును పెన్‌డ్రైవులో ఎక్కించుకుని అతను రోజూ కార్లో వింటున్నాడు. ఎంత వెతికినా ఆమె గొంతు దొరకడం లేదు. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు కాబట్టి అందులోనే దొరకాలి.

"స్పీకర్లు మార్చప్పా. సెట్టు మాత్రం ముట్టుకోవద్దు. ఆ బటన్లు ఆమె నొక్కినవి" అన్నాడు.

సుబ్రహ్మణ్యం తలూపాడు. నిజానికి రికార్డింగులో లేనిది ఏ స్పీకరూ తెచ్చివ్వలేదని అతనికి తెలుసు. ఆ మాట పైకి అనలేకపోయాడు. డోరు లోపలి అట్ట విప్పుతుంటే గంగాధరం పక్కనే నిలబడి ఆమె సంగతులే చెప్పాడు. ఆమె రాగిసంకటి గురించి, నాట్లప్పుడు ఆమె మాట కూలీలు ఎంత వినేవాళ్ళో దాని గురించి. కుడి డోరులో ఎలుకలు కొరికిన వైర్లను గంగాధరమే ఎప్పుడో టేపు చుట్టి అతికించాడు. రంగులు తారుమారయ్యాయి. ఇంకో రోజైతే సుబ్రహ్మణ్యం సెల్లు తీసేవాడే. ఆ రోజు వింటూ వింటూ మరిచిపోయాడు.

పని అయ్యాక గంగాధరం టీ తాగి వస్తానని రోడ్డు దాటాడు. అతనడిగిన సీటు కవరు కోసం నేను ఆ కారు వెనక సీటుకు కొలతలు తీస్తున్నాను. సుబ్రహ్మణ్యం ముందు కూర్చుని పెన్‌డ్రైవు పెట్టాడు.

డోలక్ దెబ్బలో బరువు లేదు. ఒక డోరు స్పీకరు ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, మధ్యలో డోలక్ చచ్చిపోతోంది. తప్పు ఎక్కడ జరిగిందో అతనికి వెంటనే అర్థమైంది. ఆపబోయాడు. అప్పుడే, డోలక్ తగ్గిన చోట, ఫోనుకు దగ్గరగా ఒక ఆడమనిషి మాట్లాడింది. పాడటం కాదు. పక్కామెతో గుసగుసగా చెబుతోంది.

"రుక్మిణీ, గుండెల్లో పట్టేసినట్టు ఉండాది. మా ఆయనకు సెప్పొద్దు. డోలక్ ఆపేస్తాడు."

నేను ముందు సీటు మీదికి వంగాను. సుబ్రహ్మణ్యం వెనక్కి తిప్పి ఇంకోసారి వేశాడు. అవే మాటలు, ఆ చివర ఒక నిట్టూర్పు. పట్టపగలు, రోడ్డు మీద బస్సులు తిరుగుతుండగా నాకు భయమేసింది. ఆ రుక్మిణమ్మ ఎవరో, రెండు నెలలుగా ఈ మాట కడుపులో పెట్టుకుని అదే ఊళ్ళో ఎట్లా తిరుగుతోందో.

సుబ్రహ్మణ్యం డోరు అట్ట మళ్ళీ విప్పాడు. సెల్లు తాకించాడు. గిన్నె లోపలికి పోయింది. వైర్లు మార్చసాగాడు. నాకు కోపం వచ్చింది. పెళ్ళాం గొంతు కోసమే కదా ఆయన ఇంత దూరం వచ్చింది, నువ్వు దాచడానికెవడివి అని అడిగాను. తప్పు కనెక్షను ఇచ్చి పంపే అలవాటు తనకు లేదన్నాడు. అది సాకని ఇద్దరికీ తెలుసు. నేను వదల్లేదు.

"నీకు పెళ్ళాం ఉండాది మునిరాజూ" అన్నాడు తలెత్తకుండా. "రేపు నీకట్లా వినపడితే మళ్ళా నిద్ర పోతావా?"

నేను వెనక సీటు దగ్గరికి పోయి మళ్ళీ కొలతలు పట్టాను.

గంగాధరం వచ్చేసరికి డోలక్ నిండుగా మోగుతోంది. దాని కింద ఏమీ లేదు. ఆయన తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. ఆ మాటలు వచ్చే చోట సుబ్రహ్మణ్యం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను మాత్రం చూశాను. ఆయన కనుబొమ్మ కూడా కదల్లేదు.

"ఆమె గొంతు దీంట్లో పడలేదు పెద్దాయనా" అన్నాడు సుబ్రహ్మణ్యం. అతను అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

గంగాధరం స్టీరింగు పట్టుకున్నాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. తర్వాత చెయ్యి చాపి సౌండు పెంచాడు.

"పోనీలేప్పా. ఆ డోలక్ వాయించింది నేనే. ఇంత బాగా వాయించినానని నాకే తెలీదు. ఆమెకు నా డోలక్ అంటే ప్రాణం."

పలమనేరు రోడ్డు మలుపు దాకా ఆ దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి.