పడాక్ చెక్క తొట్టి

నాన్న బోటు అమ్మేస్తున్నాడని తెలిశాక నాకొకటే యావ పట్టుకుంది. అది జెట్టీ వదిలేలోగా దాని పక్కన ఆయన్ని నిలబెట్టి ఒక మంచి ఫోటో తీయాలి. శ్రీకాకుళం తీరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చాక ఆయన తనకంటూ కట్టించుకున్న మొదటి వస్తువు ఆ బోటే. మూసేసిన ఒక స్టూడియో నుంచి పాత పెట్టె కెమెరా కొన్నాను. దానికి రీలు ఉండదు. పోస్టుకార్డంత ఫిల్మ్ షీట్లు ఒక్కొక్కటే పెట్టాలి. నాకు దొరికినవి రెండే.

మొదటిదానికి నాన్న బిగుసుకుపోయి కెమెరాకేసి చూశాడు. "అయిపోనాదా?" అంటూ అటు తిరిగి బోటు మీద చెయ్యేశాడు. అప్పుడు రెండోది తీశాను.

ఇక ఫిల్మ్ కడగడం. ఊళ్లో షీట్లు కడిగేవాళ్లు లేరు, నేనే కడగాలి. కానీ దేన్లో? మద్రాసు నుంచి ఓడలో స్టీలు తొట్టి తెప్పిద్దామంటే అది నిండడానికి ఫిల్మ్ కడిగే మందు నాలుగు లీటర్లు కావాలి. నా దగ్గరున్న మందు పొడి లీటరుకే సరిపోతుంది. వెడల్పు పళ్లెంలో ముంచితే చీకట్లో గోళ్లు తగిలి గీతలు పడతాయట. షీటు నిలువుగా దిగేంత సన్నటి తొట్టి ఉంటేనో? అన్నం తింటున్నా అవే కొలతలు.

నా గోడు నాన్న విని నవ్వాడు. "ఏటిరా, అట్టముక్క ముంచడానికి మద్రాసు సామానేటి? రుకో, నేన్ చేస్తాను."

బోటుకి పలక మార్చినప్పుడు మిగిలిన, ఇక్కడి అడవుల్లో దొరికే ఎర్రటి పడాక్ చెక్క ముక్కని మంచం కింద దాచుకున్నాడు. దాన్ని కోసి, బోటుకి చేసినట్టే సందుల్లో తారు కూరి, మూడు రోజుల్లో తొట్టి చేశాడు. పగలంతా నీళ్లు పోసి ఉంచాం. చుక్క కారలేదు, రంగూ దిగలేదు.

"బోలా థా నా! నేను చెప్పినానా? పడాక్ అంటే పక్కా మాల్," అని నాన్న మురిసిపోయాడు.

గరాచర్మ పేటలో మా ఇంటి బాత్రూమ్ కిటికీకి టార్పాలిన్ కొట్టి, తలుపు సందుల్లో గోనెలు కుక్కి, సగం పొడితో కలిపిన మందు పోసి, మొదటి షీటు తొట్టిలోకి దించాను. బయట నుంచి నాన్న, "నా మొహం వచ్చినాదా?" అని పదిసార్లు అడిగుంటాడు.

అంతా అయ్యాక తలుపు తీసి చూద్దును కదా, మందు టీ డికాషన్‌లా ఉంది. షీటంతా ఎర్ర మరక, దాని వెనకెక్కడో నాన్న మొహం. ఇన్నేళ్లు సముద్రంలో తిరిగినా దిగని రంగు ఇప్పుడెలా దిగింది? పొడిలో ఏమేం కలిపారో ప్యాకెట్ మీదున్నది పైకి చదివాను. వంటింట్లోంచి విన్న అమ్మ పకపకా నవ్వింది.

"బట్టల సోడా ఉందా దాన్లో? సోడాలో ఏస్తే చీర రంగే దిగిపోతాది, చెక్కది దిగదేటి? నన్నొక్క మాట అడిగితే ఏం పోయింది, ఇద్దరు ఇంజనీర్లకీ!"

నాన్న మాత్రం నవ్వలేదు. "నేనే పాడుచేసినాను," అని పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆయన మీద కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఆ వెంటనే సిగ్గూ వేసింది.

పెరట్లో నాన్న వల తాడు చుట్టుకునే ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటుంది. రెండు వైపులా మూతలు బిగిస్తే? మళ్లీ బాత్రూమ్ చీకట్లో షీటుని చుట్టలా లోపలికి దూర్చి, మిగిలిన పొడితో మందు కలిపి పోసి, వేడెక్కకుండా చేపల పెట్టెలో ఐసు మీద దొర్లించాను. ఈసారి నాన్న తలుపు దగ్గరికి రాలేదు.

రెండో షీటు శుభ్రంగా వచ్చింది. బోటు పలకలన్నీ విడివిడిగా కనిపిస్తున్నాయి. నాన్నది మాత్రం వీపు, బోటు మీద చెయ్యి, అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన అది చూసి, "బోటు బాగా వచ్చినాది," అని నా చేతికిచ్చేశాడు. తరవాత నేను బకెట్లో పడేసిన మొదటి షీటు తీసి, లుంగీ అంచుతో అద్ది, కిటికీ వెలుగులో పట్టుకున్నాడు.

"ఇది నాకియ్యరా."

"పాడైపోయింది కదా నాన్నా."

"ఏటి పాడైపోనాది? నా మొహం మీద నా బోటు రంగుంది, చూడు."

కొన్నవాళ్లు బోటు తీసుకెళ్లిన రోజు ఆయన జెట్టీకి రాలేదు. ఆ షీటు చొక్కా జేబులో పెట్టుకుని ఇంట్లోనే కూర్చున్నాడు.