రొయ్యల షెడ్డులో వంతులు పెట్టిన మనిషి

శుక్రవారం పొద్దున బస్సు రామవరప్పాడు దాటుతుండగా మా ప్లాంటు గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి ఫోన్ చేశాడు. "సార్, సూపర్‌వైజరమ్మ పోయారంటండి" అన్నాడు. "ఎవరు చెప్పారయ్యా నీకు?" అని కసిరాను. చెడ్డ వార్త మోసుకొచ్చినవాడి మీద ముందు కోపం రావడం నాకున్న దుర్గుణాల్లో ఒకటి. "వాళ్ళబ్బాయే చేశాడండి. తెల్లారేసరికి ఛాతీలో నొప్పంట. ఆటో వచ్చేలోపే అయిపోయిందంట" అన్నాడు పాపం, తప్పంతా తనదే అయినట్టు. నేను గన్నవరంలో దిగకుండా స్టాపు దాటిపోయాను. దిగాలన్న సంగతే గుర్తు రాలేదు.

నేను రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంటులో పనిచేస్తాను. ఏ కంటైనరు ఏ దేశం వెళ్ళాలో, దాంతో ఏ కాగితాలు వెళ్ళాలో చూడటం నా పని. సిబ్బంది వ్యవహారం కూడా నా మెడకే చుట్టారు. ఆవిడ రొయ్యలు ఒలిచే షెడ్డుకి సూపర్‌వైజర్. ఎంకాం చదివిన నేను ఏసీ గదిలో, ఐదో తరగతితో బడి మానేసిన ఆవిడ ఐసు నీళ్ళలో. పద్నాలుగేళ్ళ పాటు మా ఇద్దరి మధ్య ఒక అద్దం తలుపు, దానికి అటూ ఇటూ బోలెడు మర్యాద.

షెడ్డులో అందరూ ఆడవాళ్ళే. ఉయ్యూరు నుంచి, కంకిపాడు నుంచి, చుట్టుపక్కల పేటల నుంచి వస్తారు. లోపలికి వెళ్ళాక అందరికీ ఒకటే తెల్లకోటు, ఒకటే టోపీ, ముఖానికి మాస్కు, కాళ్ళకి గంబూట్లు. నాకు ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఆవిడ మాత్రం కళ్ళు చూసి పేరు చెప్పేది. పేరే కాదు, రాత్రి నిద్రపోయిందో లేదో కూడా చెప్పేది. "ఏమ్మా, పిల్లాడికి జొరం తగ్గలేదా?" అని ఒకావిడని అడగటం నేనే విన్నాను. అడిగించుకున్న మనిషి అప్పటికి నోరు విప్పి ఒక్క మాటా అనలేదు.

షిఫ్టు మొదలయ్యే ముందు ఆవిడకి ఒక అలవాటు ఉండేది. అందరి చేతులూ ముందుకు చాపించి చూసేది. వేలి మీద కోత ఉంటే ఆ పూట ఒలిచే బల్ల దగ్గరికి రానిచ్చేది కాదు, ప్యాకింగ్ వైపు పంపేది. షెడ్డు చివర ఒక బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. "చెయ్యి మొద్దుబారిపోతే రొయ్య తెగుద్ది, లేకపోతే వేలు తెగుద్ది. ముందు చెయ్యి కాచుకోండమ్మా, రొయ్య ఎక్కడికీ పారిపోదు" అనేది. ఆ బకెట్టు వల్ల పని ఆలస్యమవుతోందని నేను ఒకసారి అభ్యంతరం చెప్పాను. "మీరొక గంట ఐసులో చేతులు పెట్టి చూడండి సార్, ఆనక తీసేద్దాం" అంది. బకెట్టు అక్కడే ఉండిపోయింది.

అమెరికా మన సరుకు మీద పన్ను పెంచిందన్న వార్త వచ్చిన రోజు ఆవిడే నా గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "సార్, ఆ పన్ను ఎవరు కట్టాలండీ? మనమా?" అని అడిగింది. నేను కుర్చీలో వెనక్కి వాలి పాఠం మొదలుపెట్టాను. మనం కట్టనక్కర్లేదు, అక్కడ మన సరుకు దింపుకునే కొనుగోలుదారు వాళ్ళ ప్రభుత్వానికి కడతాడు అని చెప్పాను. "అయితే మనకేం లేదన్నమాట" అంది. ఏమీ లేదనలేక, ఆ కొనుగోలుదారు ఆ భారం తనొక్కడే మొయ్యడని, మనల్ని ధర తగ్గించమంటాడని, మనం చెరువు రైతుకి తగ్గిస్తామని, వేరే దేశం రొయ్య మీద పన్ను తక్కువైతే వాడు అటే వెళ్ళిపోతాడని చెప్పాను. చెప్పే కొద్దీ నా గొంతే నీరసించింది. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "అంటే కట్టేది ఆళ్ళు, మునిగేది మనం. ఇదే సంగతి మొదటే చెప్పొచ్చుగా సార్" అంది.

తర్వాతి రెండు వారాలూ షెడ్డు ఊపిరాడకుండా నడిచింది. ధర ఇంకా పడిపోతుందని భయపడి రైతులంతా ఒకేసారి చెరువులు పట్టేశారు. వేలెడు కూడా ఎదగని రొయ్య వ్యాన్ల మీద వ్యాన్లు వచ్చి పడింది. అందరూ ఒకేసారి అమ్మకానికి పెట్టేసరికి ధర నిజంగానే పడిపోయింది. షెడ్డులో మాత్రం ఓవర్‌టైము, సందడి. పన్ను వల్ల మాకేం కాలేదని నేను ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ ఒక్కతే దిగులుగా ఉంది. "ఇది పని కాదు సార్. చెరువులు ఖాళీ చేస్తున్నారు. వచ్చే నెల మా చేతికి ఏం వస్తది?" అంది. నేను విదేశాల నుంచి వచ్చిన మెయిళ్ళు చదువుతున్నాను. ఆవిడ బల్ల మీది రొయ్య సైజు చూస్తోంది. ఎవరికి ముందు అర్థమైందో వేరే చెప్పనక్కర్లేదు.

వచ్చే నెల ఆవిడ అన్నట్టే వచ్చింది. చెరువుల్లో మళ్ళీ రొయ్య పిల్ల వదలడానికి రైతులు భయపడ్డారు. ఐసు ఫ్యాక్టరీ ఒక పూటే తిరిగింది. గేటు ముందు ఇడ్లీ బండి ఆవిడ బండి ఎత్తేసి విజయవాడ వెళ్ళిపోయింది. ఆ రోజుల్లోనే నగరంలో ఒక పెద్ద సభ పెట్టారు, మన రొయ్యని మనమే తిందామని. నాయకులు, కెమెరాలు, పెద్ద పెద్ద మూకుళ్ళలో వేపుడు. రొయ్య ఎలా ఒలుస్తారో చూపించడానికి మా సూపర్‌వైజరుని వేదిక ఎక్కించారు. చిటికెలో ఒలిచి పెట్టింది. నాయకుడొకాయన ముచ్చటపడి, "అమ్మా, మీకేం కావాలో చెప్పండి" అని మైకు చేతికిచ్చాడు. ఆవిడ బెదరలేదు. "పై దేశపోళ్ళతో మాట్లాడేటప్పుడు రైతు అని రాసుకుంటారు, కంపెనీ అని రాసుకుంటారు. మంచిదేనండి, రాసుకోవాలి. ఆ కింద ఒలిచేవాళ్ళు అని కూడా ఒక ముక్క రాసుకోండి బాబూ. ఆ కాగితంలో మేం ఎక్కడా ఉండం" అంది. చప్పట్లు బాగానే పడ్డాయి. మర్నాడు పేపర్లో రొయ్య తింటున్న నాయకుడి బొమ్మ వచ్చింది, పక్కన ప్లేటు పట్టుకున్న ఆవిడ చెయ్యి మాత్రం వచ్చింది. షెడ్డంతా గొడవ చేస్తే, "పోనీలేండే, మన పని చేసేది ఆ చెయ్యేగా" అని నవ్వేసింది.

ఆ వారమే మేనేజరుగారు నన్ను పిలిచి, షెడ్డులో సగానికి సగం మందిని తగ్గించాలి, పేర్లు రాసుకు రా అన్నారు. ఆయన దుర్మార్గుడేం కాదు. పైనుంచి ఆయనకి వచ్చిన మాట నాకు చెప్పాడు, అంతే. నేను ఇంతవరకు ఎవరికీ చెప్పని విషయం ఇప్పుడు చెబుతున్నాను: నేను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆ మధ్యాహ్నమే జాబితా తయారుచేశాను. ఎవరి చెయ్యి నిదానమో చూసి, కింది నుంచి ముప్పై మంది పేర్లు రాశాను. మొదటి పేరు మరియమ్మ. పని ఎంత న్యాయంగా చేశానో అని కాస్త తృప్తి కూడా పడ్డాను. ఆ తృప్తి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

జాబితా ముందుగా సూపర్‌వైజరుకి చూపించాలి కాబట్టి ఆవిడ చేతికిచ్చాను. వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదివింది. చాలాసేపు పట్టింది. చదివాక అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "చేతి వేగం చూసి రాశారు సార్. మీకు కనపడేది అదే, మీ తప్పు కాదు. వీళ్ళలో సగం మందికి ఇంట్లో ఇంకో సంపాదన లేదు. దిగులుతోనే ఆ చేతులు నిదానమైనాయి" అంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. పద్నాలుగేళ్ళలో నా గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

"మా నాన్న బందరు కాలవ మీద లస్కరండి. తూములు ఎత్తేది, దించేది ఆయనే. కాలవకి నీళ్ళు చాలని ఏడాది వంతులు పెట్టేవాడు. పై ఊళ్ళ తూములు నాలుగు రోజులు దించేసి, ముందు కాలవ చివరనున్న శివారు పొలాలకి వదిలేవాడు. పై వాళ్ళు కొట్టడానికొచ్చేవాళ్ళు. 'మీ మడికి ఊట ఉంది, నాలుగు రోజులు ఆగుద్ది, శివారోడికి ఏముందిరా' అనేవాడు. ఎవరి చేనూ పూర్తిగా పండేది కాదు సార్, ఎంతో కొంత అందరికీ పండేది. షెడ్డు కూడా అట్టా నడుపుదాం. ఎవర్నీ తీసెయ్యొద్దు. రెండు జట్లు చేద్దాం. ఒక వారం వీళ్ళు, ఒక వారం వాళ్ళు. ఇంట్లో ఇంకో ఆధారం లేనోళ్ళది మొదటి వంతు."

నిదానం చేతులతో సరుకు పాడవుతుందని నేను గొణిగాను. "నిదానం చెయ్యి పక్కన చురుకు చెయ్యిని కూర్చోబెడతా. ఒక్క నెల ఇమ్మనండి. రొయ్య ముక్కలు ఎక్కువ పడితే ఈ కాగితం నేనే తెచ్చి మేనేజరుగారికి ఇస్తా" అంది. ఆ మాటని నేను మేనేజరుగారి దగ్గరికి మోసుకెళ్ళాను. నేను చేసిందల్లా అదే, ఒక గదిలో విన్నది ఇంకో గదిలో చెప్పడం. ఆయన నెల రోజులు ఒప్పుకున్నాడు.

ఆ నెల షెడ్డులో ఉన్నన్ని రోజులూ ఆవిడ బల్లల మధ్య తిరుగుతూనే ఉంది. చురుకు చేతుల వాళ్ళు మొదట సణిగారు, వాళ్ళ సగం పని పోయింది మరి. ఒకరిద్దరు ఆవిడతో మాట్లాడటం మానేశారు. ఆవిడ పట్టించుకోలేదు. తను మాత్రం రెండు వారాలూ రావచ్చు, సూపర్‌వైజర్ కదా. రాలేదు. "నేనూ వంతేనండి" అని రెండో జట్టులో చేరింది. మొదటి జట్టుని నడపడం ఇంకొకావిడకి నేర్పింది. దాంతో సణుగుడు ఆగిపోయింది. నెలాఖరుకి తెగిన ముక్కలు ఎప్పటికంటే ఎక్కువ పడలేదు. మేనేజరుగారు జాబితా మాట మళ్ళీ ఎత్తలేదు.

ఖాళీ వారంలో ఒకసారి కంకిపాడు సెంటర్లో కనిపించింది. మినప చేలోకి కూలికి వెళ్ళే ఆటోలో, చీర మీద చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. నేను సిగ్గుపడ్డాను గానీ ఆవిడ సిగ్గుపడలేదు. "సార్, ఒక చిత్రం విన్నారా? మినుములు బర్మా నుంచి పన్ను లేకుండా దిగుతున్నాయంట. ధర లేదని మా ఆసామి తల పట్టుకున్నాడు. ఆడ ఆళ్ళు పన్నేస్తే మనకి ఏడుపు, ఈడ మనం పన్ను తీసేస్తే మనకే ఏడుపు. ఇంతకీ ఈ పన్ను ఎవరి కోసం పెట్టారో మీ పుస్తకాల్లో ఉందా?" అని అడిగింది. ఆటోలో అందరూ నవ్వారు. దోశలకి మినప్పప్పు చవగ్గా దొరకాలని కోరుకునే పట్నం వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి చెప్పేలోగా ఆటో కదిలిపోయింది.

తర్వాత పన్ను కొంత తగ్గిందన్న కబురు వచ్చింది. వేరే దేశాల ఆర్డర్లు కూడా కొన్ని దొరికాయి. చెరువుల్లో మళ్ళీ పిల్ల పడింది. రెండు జట్లూ కలిసి ఒకే షిఫ్టుగా మారాయి. ఆ కలయికని ఆవిడ మూడు వారాలు చూసింది. అంతే.

ఉయ్యూరు దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. షెడ్డు ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మాస్కులు లేని ఆ ముఖాలు చూసి ఎవరినీ పోల్చుకోలేకపోయాను. ఒకామె లేచి వచ్చి నాకు కుర్చీ వేసింది. "నేను మరియమ్మని సార్" అంది. నా జాబితాలో మొదటి పేరు.

"అక్క ఆ రోజే చెప్పింది సార్, మమ్మల్ని తీసెయ్యమంటే మీరు ఒప్పుకోలేదంట కదా. వంతులు పెడదామని మీరే పెద్ద సారుతో పోట్లాడారంట. 'సారు వల్ల మిగిలారే, ఆయన గురించి ఎవరూ తప్పుగా మాట్టాడబాకండి' అంది" అని కళ్ళు తుడుచుకుంది.

నేను నోరు తెరిచాను. జాబితా సంగతి చెప్పకుండానే ఆమె వేసిన కుర్చీలో కూర్చున్నాను. మా సూపర్‌వైజరు, వంతుల మాట తన నోట వస్తే చురుకు చేతుల వాళ్ళు వినరనుకుందో, మళ్ళీ పొద్దున్నే వాళ్ళ ముఖాలు చూడాల్సినవాణ్ణి కదా అని నా మీద జాలిపడిందో, నాకు తెలియదు. అడగడానికి ఇక మనిషి లేదు. అక్కడ సరిదిద్దలేకపోయిన మాట ఇక్కడ సరిదిద్దుతున్నాను. జాబితా రాసింది నేను. ముప్పై మందిని నిలబెట్టింది ఆవిడ. నన్ను కూడా నిలబెట్టింది, నాకు తెలియకుండా.

శవపెట్టె మేమే మోస్తామని ఆడవాళ్ళు పట్టుబట్టారు. పాస్టరుగారు సరేనన్నారు. "సారు కూడా ఒక చెయ్యెయ్యాలి" అని మరియమ్మ నన్ను ముందుకు తెచ్చి నిలబెట్టింది. సమాధుల తోట దాకా కాలవ గట్టు మీద నడవాలి. నాకు బరువు మోయడం అలవాటు లేదు. పది అడుగులకే భుజం జారింది, నడక తప్పింది. వెనక నుంచి ఎవరో, "మెల్లగా నడవండే, సారుకి అలవాటు లేదు" అన్నారు. ఆ మాటకి అందరూ అడుగు తగ్గించి, నా నడకతో కలిపి నడిచారు.