దొర వెనక్కి తిరిగినప్పుడల్లా

మా అత్తగారి మీద నాకు అనుమానం పుట్టింది దయ్యం దొర వల్లే.

ముప్ఫై ఏళ్ల కిందటి సీరియల్ అది. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వేస్తున్నారు. పాడుబడ్డ బంగళా, నేల జీరాడే నల్ల అంగీలో దొర. ఆయన తలుపు తోస్తే గోడ ఊగుతుంది. గబ్బిలానికి కట్టిన దారం కళ్లద్దాలు లేని మామగారికి కూడా కనిపిస్తుంది. పడీపడీ నవ్వుతూనే ఒక్క రోజూ చూడ్డం మానం.

అత్తగారు టైలరు. ఆ అంగీ కుట్టింది ఆవిడే. "నటన సంగతి వదిలెయ్, ఆ భుజం చూడవే ఎలా నిలబడిందో!" అని మురిసిపోతారు. అలాంటి మనిషి, దొర వెనక్కి తిరగబోతే చాలు, లేచి టీవీకి అడ్డం నిలబడతారు. సూది పడిపోయిందంటారు. రోజూ సరిగ్గా అప్పుడే పడుతుందా సూది?

మామగారు మామూలుగానే అనుమానప్పక్షి. వేసిన గడియ మూడుసార్లు చూస్తారు. అప్పట్లో ఆయన ఏరికోరి కొన్న కిటికీ తెర, పచ్చ మీద ఎర్ర చిలకలది, ఆరేసిన చోట మాయమైందట. ఎదురింటి నర్సమ్మని మెట్ల మీద నలుగురిలో నిలబెట్టి దొంగ అన్నారట. అప్పట్నుంచి రెండిళ్లకీ మాటల్లేవు. ఆ నర్సమ్మ ఇవాళ ఇల్లు ఖాళీ చేస్తోంది. కింద లారీకి సామాను ఎక్కిస్తున్నారు. అత్తగారు పొద్దుట్నుంచీ కిటికీ వదల్లేదు.

మూడింటికి మాత్రం వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. దొర తిరగబోయాడు. లేవబోతున్న అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దొర గిర్రున తిరిగాడు. అంగీ లేచింది. లోపల లైనింగు నిండా ఎర్ర చిలకలు.

"ఓరి నాయనో! అది మన తెరే!" అన్నారు మామగారు.

"లైనింగు గుడ్డ చాల్లేదండీ. తెల్లారితే షూటింగు. లోపలిదే కదా, ఎవరు చూస్తార్లే అనుకున్నా. ఆ దిక్కుమాలినవాడు అన్నిసార్లు తిరుగుతాడని నాకేం తెలుసు? మనింట్లో టీవీ కూడా లేదప్పుడు." అత్తగారు నా చెయ్యి విడిపించుకున్నారు. "మీరు ఆవిణ్ణి దొంగ అన్నప్పుడు భయమేసింది. తర్వాత చెప్పాలంటే సిగ్గేసింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ముప్ఫై ఏళ్లా అత్తయ్యా? ఆవిడ వెళ్లిపోతోంది!"

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వీధి దాటారు అత్తగారు. వెనకే నేను. నర్సమ్మ ఖాళీ ఇంటికి తాళం వేస్తోంది.

"వదినా, ఆ తెర నేనే..."

"తెలుసు," అంది నర్సమ్మ. "మా ఇంట్లో టీవీ ఉందిగా. అప్పుడే చూశాను."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"నువ్వే వచ్చి చెప్తావని ఎదురుచూశాను. తలుపు చప్పుడైతే నువ్వేననుకునేదాన్ని." లారీ వైపు చూసి, మళ్లీ తాళం తీసింది. "ఇన్నాళ్లకి వచ్చావు. కూర్చోమందామంటే కుర్చీలన్నీ ఎక్కించేశారు."