ఎత్తు టైర్లు

గాలి మామయ్య టైరును వాసన చూసి అది ఏ కొండ ఎక్కిందో చెప్పేస్తాడు. సరే, కొండ పేరు చెప్పలేకపోవచ్చు, బురదో ఇసుకో మాత్రం తప్పకుండా చెబుతాడు. మిట్టపల్లాల్లో తిరిగే ఏటీవీ బళ్లకు కంపెనీ చక్రాలు తీయించి కొత్తవి వేయించుకోవాలనుకునేవాళ్లంతా ఆయన షాపుకే వస్తారు. టైరు గాట్లలో బొటనవేలు దూర్చి, రిమ్మును గోటితో మోగించి, "ఎక్కడ తోలతావు?" అని అడుగుతాడు. ఎవరేం చెప్పినా వెడల్పు టైర్లే చూపిస్తాడు. ఎత్తువి వెనక గది దాటి బయటికి రావు.

మొన్న ఒక కొత్త పెళ్లికొడుకు ఎత్తువే కావాలని పట్టుబట్టాడు. "దాచుకుని ముద్దు పెట్టుకుంటావా మామయ్యా? బండి ఠీవిగా ఉండాలి."

"వాలులో బోల్తా పడుతుంది నాయనా."

"మరి మీ తమ్ముడికి నువ్వే బిగించావటగా!"

గాలి మామయ్య చేతిలోని పానా కింద పెట్టాడు. "బిగించాను. వాడు పడ్డాడు. వెనక వీధిలోనే ఇల్లు. వెళ్లి వాడి కాళ్లు చూసి రా, నీకూ బిగిస్తాను."

పెళ్లికొడుకు పంతం కొద్దీ వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. "చూశాను. మీ అన్న పంపాడంటే, నాకు అన్నే లేడన్నాడు మామయ్యా."

గాలి మామయ్య వెడల్పు టైరును కిందికి దించాడు.

"నిజమే చెప్పాడు. నాకూ తమ్ముడు లేడు. ఎత్తువి అడిగేవాళ్లను ఆపడానికి ఆ కథ నేనే పుట్టించాను, నేనెవరికీ ఏమీ బిగించలేదు. బండి ఇటు తిప్పు."