చీర రెండో కొస

రాజమ్మకు మైకు అంటే భయం పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మిగిలింది విసుగే. చంద్రపూర్‌లో మనసు బాగాలేని వాళ్ల కోసం పనిచేసే ఒక సంస్థ ఆమెను కొలువులో పెట్టుకుంది. ఒకప్పుడు ఆ జబ్బు పడి లేచినవాళ్లే ఇల్లిల్లూ తిరిగి, ఇంకా జబ్బులో ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పాలనీ, వాళ్లను నలుగురిలో కలపాలనీ సంస్థ ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ రాజమ్మను ఇళ్లకు పంపింది తక్కువ, స్టేజీ ఎక్కించింది ఎక్కువ. కాలేజీ పిల్లల సభ అయినా, బచత్ గట్ అనే పొదుపు సంఘం ఆడవాళ్ల మీటింగ్ అయినా, ఊర్జానగర్ కాలనీ మహిళా మండలి అయినా ఒకటే వరస. ముందు పూలగుచ్ఛం, తర్వాత ఆమె కథ, ఆ తర్వాత సమోసా.

ఆ కథలో సగం చెప్పేది ఆమె కూడా కాదు. సంస్థ నడిపే దుర్గేష్ సార్ ముందు లేచి మరాఠీలో ఎత్తుకుంటాడు. "ఈ తాయిని, ఈ అక్కను చూడండి. సొంత భర్తే ఈమెను మూడేళ్లు గొలుసుతో కట్టేశాడు" అంటాడు. ముందు వరుసలో ఆడవాళ్లు కొంగుతో కళ్లద్దుకుంటారు. అప్పుడు రాజమ్మ లేచి, వేళకు మందులు వేసుకుంటున్నాననీ, ఇప్పుడు బాగున్నాననీ నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటుంది.

గొలుసు మాట అబద్ధం. జబ్బు ముదిరిన రోజుల్లో రాజమ్మ పడక మీంచి లేచి రోడ్డు పట్టేది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు అది. ఒకసారి లారీ కింద పడబోయి ఎవరో లాగితే బతికింది. అప్పటినుంచి ఆమె మొగుడు ఇస్తారి ఒక పాత నూలు చీర తీసి, ఒక కొస ఆమె చేతికీ, రెండో కొస తన చేతికీ ముడేసుకుని పడుకునేవాడు. ఆమె కదిలితే లేచేవాడు. దాహమేసి ఆమె కుండ దగ్గరికి పోతే తనూ వెంట పోయేవాడు. తెల్లారాక ముడి విప్పి, ఆమెను తన అక్క దగ్గర కూర్చోబెట్టి, ఆటో తీసుకుని బయలుదేరేవాడు.

మొగుడు తననెంత చూసుకున్నాడో చెబుదామని, ఈ సంగతి సార్‌కు మొదట చెప్పింది రాజమ్మే. మొదటి ఏడు స్టేజీ మీద చీరగానే ఉంది. అయితే దాని రెండో కొస ఎక్కడ జారిపోయిందో గానీ జారిపోయింది. మరుసటేడు చీర తాడైంది. ఎవరో పెద్దాఫీసరు ముఖ్య అతిథిగా వచ్చిన రోజు తాడు గొలుసైంది. అయిన గొలుసు మళ్లీ తాడు కాలేదు.

సార్ చెడ్డవాడని కాదు. ఆసుపత్రి వరండాలో ఆమె పక్కన నిలబడ్డది ఆయనే, మందులు ఆగకుండా చూసిందీ ఆయనే. జనం కదలాలంటే కాస్త కారం దట్టించాలని ఆయన నమ్మకం. అంత చేసిన మనిషిని పదిమందిలో పట్టుకుని, మీరు చెప్పింది తప్పని ఎట్లా అంటుంది? పైగా మందుల మగత ఒకటి. అన్నం వండడానికే ఒళ్లు సహకరించని రోజులున్నాయి, ఇక అబద్ధం దిద్దడానికి ఓపికెక్కడిది? పోనీలే అనుకుంటూ వచ్చింది.

ఆ పోనీలే ఇస్తారి మెడకు చుట్టుకుందని ఆమెకు ఈమధ్యే తెలిసింది. ఒక సభలో ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరిగింది. ఒకరోజు బజారు నుంచి వస్తూ, ఇస్తారి ఆటోలోనే ఇంటికి పోదామని రాజమ్మ స్టాండుకు వెళ్లింది. ఆమె వెనకే ఉన్నదని చూసుకోని ఓంప్రకాష్ అనే ఆటోవాడు, "ఏం ఇస్తారి, గొలుసు గాడిలనే పెట్టుకున్నవా? సవారీని సుత కట్టేస్తవా ఏంది?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఇస్తారి గుడ్డతో ఆటో అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. దారిలో ఆమెతో కూరగాయల ధరల గురించి మాట్లాడాడు తప్ప ఆ మాట ఎత్తలేదు. రాజురా దగ్గర ఊళ్లో ఇస్తారి సొంత అన్న కూతురి పెళ్లికి కబురెందుకు రాలేదో రాజమ్మకు అప్పుడర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయింది.

తర్వాతి సభ ఆవర్‌పూర్‌లో, సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ హాల్లో. డాక్టరు మందు మార్చడంతో రాజమ్మకు కళ్లు తిరుగుతున్నాయి. బస్సులో ఒక్కదాన్నే పంపనని ఇస్తారి ఆటో పక్కన పెట్టి తోడొచ్చాడు. దారి పొడుగునా ఆమె అతని భుజం మీద కునుకుతూనే ఉంది.

"నేను బయట చాయ్ తాగుకుంట కూసుంట. నువ్వు చెప్పుకొని రా," అన్నాడు హాలు ముందుకొచ్చాక.

"లోపటికి రారాదు. ఫ్యాన్లుంటయి."

"నాకెందుకే అయన్ని."

ఎందుకు రానంటున్నాడో ఆమెకు తెలుసు. కానీ గేటు దగ్గర వాచ్‌మన్ ఊరుకోలేదు. బయట ఎవరూ కూర్చోకూడదట, వచ్చినవాళ్లంతా లోపలే ఉండాలట. ఇస్తారి తలుపు పక్కన, ఆఖరి వరుసలో కుర్చీ అంచున కూర్చున్నాడు. సార్ అతన్ని గమనించలేదు. గమనించినా పోల్చుకునేవాడు కాడు. ఇన్నేళ్లలో ఇస్తారితో ఆయన మాట్లాడింది ఆసుపత్రి కాగితం మీద సంతకం పెట్టించుకునేటప్పుడే.

"ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కువ, మీరు ఇవాళ తెలుగులోనే చెప్పండి తాయీ," అని రాజమ్మకు చెప్పి, సార్ మామూలుగానే ఎత్తుకున్నాడు. కథలోకి భర్త వచ్చాడు, మూడేళ్లు వచ్చాయి, గొలుసు వచ్చింది. రాజమ్మ ఈసారి ముందు వరుసను చూడలేదు, తలుపు వైపు చూసింది. అందరితోపాటు ఇస్తారి కూడా తల వంచుకుని వింటున్నాడు, ఎవరో పరాయి మొగుడి ముచ్చట వింటున్నట్టు.

మైకు చేతికొచ్చింది.

"నన్ను ఎవ్వలు గొలుసుతోని కట్టెయ్యలె," అంది. "సార్‌కు నేనే సక్కగ చెప్పలేదు కావచ్చు. బుద్ధి నిలకడ లేక నేను రోడ్డు మీదికి ఉరుకుతుంటి. మా ఇంటాయన చీర తీసి ఒక కొస నా చేతికి కట్టిండు. ఇంకో కొస తన చేతికి కట్టుకున్నడు. గంతే జరిగింది. గాయన్ని పట్టుకొని లోకమంతా తిడుతుంది. అగో, తలుపుకాడ కూసున్నడు."

మైకు పక్కన పెట్టి కూర్చుంది. ఎవరూ ఏడవలేదు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక కొందరు కొట్టారు, కొందరు మానేశారు. దుర్గేష్ సార్ మొహం మాడిపోయింది, అయినా అందరికీ నమస్కారం పెట్టి సభ ముగించాడు. ఇకమీదట తనను పిలవకపోవచ్చుననుకుంది రాజమ్మ. ఆ ఆలోచనకు బాధ కలగలేదు. ఎక్కడైనా కాసేపు పడుకుంటే బాగుండుననిపించింది.

సమోసాల దగ్గర ఎప్పుడూ ఆమె చుట్టూ ఆడవాళ్లు మూగేవాళ్లు, చేతులు పట్టుకునేవాళ్లు. ఇవాళ ఎవరూ దగ్గరికి రాలేదు. ప్యాకింగ్‌లో పనిచేసే ప్రహ్లాద్ అనే మనిషి, జుట్టులో సిమెంటు దుమ్ముతో, ఆమెను దాటుకుని నేరుగా ఇస్తారి దగ్గరికి వెళ్లాడు. ఇంట్లో జబ్బుమనిషిని సాకుతున్నవాళ్లు మన సభల్లో నోరు విప్పరని సార్ ఎప్పుడూ వాపోతుంటాడు. గొలుసు కథ విన్నాక ఏ మగవాడు నోరు విప్పుతాడు?

"అన్నా, మా తమ్మునికి బాగలేదు," అన్నాడు ప్రహ్లాద్, గొంతు తగ్గించి. "అర్రల పెట్టి, గొళ్లెం పెట్టి డ్యూటీకొస్తున్న. ఎవ్వలకు చెప్పలె. చెప్తే ఏమంటరో అని."

ఇస్తారి తన సమోసా ప్లేటు అతని వైపు జరిపాడు.

"గట్ల చేతికి కట్టుకొని పంటే, నువ్వెప్పుడు నిద్రపోయినవన్నా?" అని అడిగాడు ప్రహ్లాద్.

మంచినీళ్లు తెస్తున్న రాజమ్మ అక్కడే ఆగిపోయింది. ఆ మాట డాక్టరు అడగలేదు. సార్ అడగలేదు. తనూ అడగలేదు. జబ్బు తనది కాబట్టి అలసట కూడా తనదే అనుకుంది ఇన్నాళ్లూ. ఊరి నోట్లోంచి అతన్ని బయటికి లాగితే చాలనుకుంది గానీ, అతనికీ ఒక కథ ఉంటుందని తోచనేలేదు.

ఇస్తారి తన మణికట్టు నిమురుకున్నాడు.

"పోలె," అన్నాడు. "ఇప్పుడు ఆమెకు మంచిగైంది. నాకే నిద్ర వస్తలేదు. చెయ్యి గుంజినట్టయి లేస్త. చూస్తే ఆమె మంచిగనే పన్నది. ఇగ తెల్లారేదాక గట్లనే కూసుంట."

ప్రహ్లాద్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇస్తారి ఇంకేదో మొదలుపెట్టాడు. బస్సుకు వేళయిందని పిలవడానికి దుర్గేష్ సార్ అటు వస్తుంటే, రాజమ్మ ఎదురెళ్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ బస్సు పోనియ్యుండ్రి సార్," అంది. "గాయన చెప్పుకుంటుండు."